మెట్ల లైటు వేస్తే ఇల్లంతా చీకటి

వానలు పట్టాయంటే మా విశాఖ వన్ టౌన్‌లో నాకొచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "ఏటి బాబూ, పొద్దుట్నుంచి కరెంటు పడిపోతానే ఉంది. నువ్వెట్టిన డబ్బాలోనే ఏదో లోపముంది. ఒచ్చి దాన్ని తీసీ." ఆ తీసెయ్యమనే డబ్బా పేరు ఆర్సీసీబీ. బోర్డులో ఇన్ని సామాన్లుంటే, మనిషి ప్రాణం సంగతి చూసేది అదొక్కటే. సరిగ్గా దాన్నే తీసెయ్యమంటారు. తీసేవాళ్ళూ దొరుకుతారు. లోపలికొచ్చే వైర్లనూ బయటికెళ్ళే వైర్లనూ తిన్నగా కలిపేస్తే సరి, ఆ తర్వాత ఎప్పుడూ "పడిపోదు". ఇంటివాళ్ళకి సంతోషం, వచ్చినవాడికి మంచి పేరు.

నాది వైరింగు పని. కురుపాం మార్కెట్ వెనక సందుల్లో, కోట వీధిలో, చెంగల్రావుపేటలో, సోల్జర్‌పేటలో పాత ఇళ్ళ బోర్డులు విప్పి బిగించడం నా బతుకుతెరువు. ఆ అనుభవంతో చెప్పేది ఒక్కటే: ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేస్తే కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే రెండింటి లోపలా ఏముందో చూడాలి.

ముందు ఎంసీబీ. అంతకుముందు మీటరు కింద పింగాణీ ఫ్యూజులుండేవి. మా దగ్గర కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. లోడు ఎక్కువైతే అందులో ఉన్న సన్నటి తీగ కరిగి తెగిపోవాలి. తెగినప్పుడల్లా చీకట్లో స్టూలెక్కడం విసుగై, రెండు మూడు పేటలు రాగి తీగ చుట్టేసేవారు. అప్పుడిక ఫ్యూజు తెగదు, గోడలోని వైరు కాలుతుంది. ఫ్యూజు మార్చే పని లేకుండా, పడిపోతే మళ్ళీ వేసుకునే పరికరాన్ని 1924లో జర్మనీలోని మన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్స్ పేటెంటు చేయించాడు. మన బోర్డుల్లో వరసగా ఉండే ఎంసీబీలు ఆ వంశానివే.

దాని లోపల ఇద్దరు కాపలాదార్లున్నారు. ఒకరు నిదానం, ఇంకొకరు మహా తొందర. నిదానంగా పనిచేసేది రెండు లోహాలు అతికించిన పట్టీ. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది, దాంతో పట్టీ వంగుతుంది. వంగి వంగి ఒక స్థాయికి రాగానే గొళ్ళెం జారి మీట పడుతుంది. లోడు ఎక్కువైనప్పుడు పనిచేసేది ఇదే. తొందరగా పనిచేసేది తీగచుట్ట. ఫేజూ న్యూట్రలూ తగులుకుని షార్టయితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఆ చుట్ట అయస్కాంతమై లోపలి ముల్లును గుంజుతుంది, మీట సెకనులో వందో వంతు తిరక్కుండా పడుతుంది. ఆ విడిపోయే చోట పుట్టే మంటను ముక్కలు చేసి చల్లార్చడానికి పక్కనే రేకుల దొంతర ఒకటి ఉంటుంది. పాడైన ఎంసీబీ దొరికితే విప్పి చూడండి, మంచి పనితనం.

మీద 16 అని రాసి ఉంటే 16 ఆంపియర్లు దాటగానే పడుతుందని చాలామంది అనుకుంటారు. పడదు. ప్రమాణం ప్రకారం 18 ఆంపియర్లు పోతున్నా గంటసేపు పడకూడదు. 23 దాటితే గంటలోపు పడాలి. 40 దాటితే నిమిషంలోపు పడాలి. ఇళ్ళలో మామూలుగా వేసే "సి" రకం 16 ఆంపియర్ల ఎంసీబీ అప్పటికప్పుడు పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య కరెంటు లాగాలి. ఇంత ఓపిక ఎందుకంటే ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు లాంటివి మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ లాగుతాయి. ప్రతిసారీ పడిపోతే ఇల్లు నడవదు.

ఇక్కడే ఓ దుర్మార్గం జరుగుతుంది. కొత్తగా ఏసీ పెట్టాక ఎంసీబీ పడుతోందని 16 తీసేసి 32 వేయించుకుంటారు. గోడలో ఉన్నది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, అదీ ఎప్పటి అల్యూమినియమో. పేటలు పేటలుగా ఫ్యూజు తీగ చుట్టడమూ ఇదీ ఒకటే, కాకపోతే ఇప్పుడు నీటుగా కనిపిస్తుంది. ఎంత ఎంసీబీ వెయ్యాలో చెప్పేది ఏసీ కాదు, గోడలోని వైరు. ఇంకొందరు మీట పడకుండా టేపు చుడతారు. దానివల్ల ఏమీ కాదు, మీట పైకి పట్టుకుని ఉన్నా లోపల విడిపోయేలాగే దాన్ని తయారుచేస్తారు.

సరే, ఎంసీబీ ఇంత తెలివైనదైతే మనిషికి షాక్ కొట్టినప్పుడు ఎందుకు పడదు? లెక్క వేద్దాం. 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుందాం. మనిషిలోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు, అంటే పావు ఆంపియరు కూడా లేదు. గుండె ఆగడానికి అది చాలు. కానీ ఎంసీబీ కంటికి అది యాభై వాట్ల బల్బు. ఇంట్లో ఎవరో బల్బు వేసుకున్నారనుకుని ఊరుకుంటుంది.

"ఎర్త్ ఉంది కదండీ" అంటారు. ఉందనే అనుకుందాం. గీజరు లోపల ఫేజు వైరు రేకుకి తగిలింది. కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. పెరట్లో పైపు దించి బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత మీద తర్వాత సిమెంటు చేశారు, ఆ పైన టైల్స్ వేశారు, దానికి నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. మొత్తం దారిలో నిరోధం పది ఓములనుకుంటే పోయే కరెంటు 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే గంట పట్టినా పట్టొచ్చు. ఇరవై ఓములైతే పదకొండున్నర ఆంపియర్లు. ఎంసీబీ ఎప్పటికీ పడదు. గీజరు, దాని పైపులు, కింద కుళాయి ప్రాణాంతకమైన వోల్టేజితో అలాగే ఉంటాయి. స్నానానికి వెళ్ళినవాళ్ళు తడి నేల మీద నిలబడి కుళాయి తిప్పుతారు.

ఆర్సీసీబీ ఎంత కరెంటు పోతోందని అడగదు. వెళ్ళినదంతా తిరిగొచ్చిందా అని మాత్రమే అడుగుతుంది. మా హార్బరు గేటు దగ్గర కూర్చున్న గుమాస్తాను ఊహించుకోండి. లోపలికెన్ని లారీలు వెళ్ళాయి, బయటికెన్ని వచ్చాయి అన్నదే అతని లెక్క, లారీలో ఏముందో అతనికనవసరం. వంద వెళ్ళి వంద వస్తే అతను కుర్చీలోంచి లేవడు. ఒక్కటి తగ్గిందా, గేటు మూసేస్తాడు.

ఆ లెక్క కట్టే పద్ధతి చాలా అందమైనది. లోపల ఇనుప మిశ్రమంతో చేసిన ఒక రింగు ఉంటుంది. ఫేజు, న్యూట్రలు రెండూ ఆ రింగులోంచే వెళ్తాయి. ఫేజులో వెళ్ళే కరెంటు ఒకవైపు, న్యూట్రలులో తిరిగొచ్చేది దానికి ఎదురువైపు. రెండూ సమానంగా ఉన్నంతకాలం ఒకదాని అయస్కాంతాన్ని ఇంకోటి కొట్టేస్తుంది, రింగులో ఏమీ మిగలదు. ఎక్కడో కొంచెం కరెంటు గీజరు రేకులోకో, మనిషి ఒంట్లోకో జారి భూమిలోకి పోయిందనుకోండి, న్యూట్రలులో తిరిగొచ్చేది అంత మేరకు తగ్గుతుంది. ఆ మిగులు అయస్కాంతం రింగు మీద చుట్టిన మూడో తీగలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. ఆ కాస్త చాలు గొళ్ళెం వదలడానికి.

ఇళ్ళకి వేసేది 30 మిల్లీ ఆంపియర్లది. 15 లోపు తేడాకి అది పడకూడదు, 30కి పడి తీరాలి, అదీ సెకనులో మూడు పదో వంతుల్లోపు. తేడా 150 దాటితే సెకనులో ఇరవై ఐదో వంతులోనే పడాలి.

ఈ అంకెలు ఊరికే రాలేదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరు, స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళ చేతుల్లో కరెంటు తీగ పెట్టి, ఎంతవరకు వదలగలరో కొలిచాడు. మగవాళ్ళకి సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకి పదిన్నర. అది దాటాక చేతి కండరాలు బిగుసుకుపోతాయి, వదిలెయ్యాలన్నా చెయ్యి తెరుచుకోదు. షాక్ తగిలినవాళ్ళు తీగను పట్టుకునే ఉండిపోవడానికి కారణమిదే. ఇంకా పెరిగితే, ఇంకా సేపుంటే గుండె లయ తప్పుతుంది. డాల్జీల్ 1961లో ఇలాంటి పరికరాన్ని రూపొందించాడు. అమెరికా వాళ్ళు స్నానాల గదులకీ వంటిళ్ళకీ సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే పడేది వాడతారు. మనమూ యూరప్ వాళ్ళూ 30 దగ్గర ఆగాం.

చదువుకున్నవాళ్ళు కూడా పొరబడే సంగతి ఒకటుంది. ఆర్సీసీబీ ఉంటే 30 మిల్లీ ఆంపియర్లకు మించి ఒంట్లోకి పోదనుకుంటారు. అలా కాదు. పడేదాకా పోయేది పూర్తి కరెంటే, ఇందాకటి లెక్కలో 230. అది కరెంటును తగ్గించదు, సమయాన్ని తగ్గిస్తుంది. కాబట్టి షాక్ తగులుతుంది, గట్టిగా తగులుతుంది. మనిషి కేక పెట్టి వెనక్కి పడతాడు, బతికుంటాడు. అదే మనిషి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే మాత్రం అది కాపాడలేదు. వెళ్ళింది వెళ్ళినట్టు తిరిగొస్తోంది, లెక్క సరిపోయింది, గేటు తెరిచే ఉంటుంది. లోడు ఎక్కువైనా దానికి పట్టదు. అందుకే ఎంసీబీలు కూడా ఉండాలి.

ఇక మొదట చెప్పిన ఫోన్ల సంగతికొస్తాను. కోట వీధి దగ్గర ఒక పాత మేడ. అన్నదమ్ములిద్దరూ వాటాలు పంచుకుని కింద పెద్దాయన, పైన తమ్ముడు ఉంటున్నారు. వేర్వేరు మీటర్లు, వేర్వేరు వంటిళ్ళు, మాటలు మాత్రం అంతంతమాత్రం. కింద వాటాలో ఆర్సీసీబీ వేశాం. పగలంతా బానే ఉంది. సాయంత్రం ఆరు దాటాక మొత్తం పడిపోయింది. లేపితే మళ్ళీ పడింది. ఆ ఇంటి మామ్మగారైతే తేల్చేశారు: "పైవాళ్ళే ఏదో చేశారు నాయనా." పెద్దాయనేమో నా డబ్బా మీద పడ్డారు.

పడిపోయే వేళ కనిపెట్టి చూస్తే అది మెట్ల మీద లైటు వేసే వేళ. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు. దాని ఫేజు కింద వాటా బోర్డు నుంచి వస్తోంది. న్యూట్రలు మాత్రం, ఏనాడో దగ్గరలో దొరికిందని, పైవాటా వైరుకు కలిపేశారు. తొమ్మిది వాట్లంటే 230 వోల్టుల మీద దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు. ఆ నలభై పెద్దాయన ఆర్సీసీబీలోంచి వెళ్ళి తమ్ముడి మీటరు గుండా తిరిగిపోతోంది. ఈయన లెక్కలో తక్కువైంది, డబ్బా పడింది. ఫ్యూజులున్నంతకాలం ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. ఆస్తి పంచుకున్నారు గానీ న్యూట్రలు పంచుకోలేదు. గోడలో ఉన్న ఆ ఒక్క జాయింటు విప్పి, మెట్ల లైటుకి కింద బోర్డు నుంచే న్యూట్రలు లాగితే సరిపోయింది. మామ్మగారికి ఇప్పటికీ నమ్మకం లేదు, అది వేరే సంగతి.

వన్ టౌన్‌లో ఆర్సీసీబీ పడిపోతోందంటే నేను ముందు అడిగేది "ఇల్లు పంచుకున్నారా?" అనే. పంచుకోని ఇళ్ళలో కారణాలు వేరు. మాకు ఒకపక్క సముద్రం, ఇంకోపక్క హార్బరు. ఉప్పుగాలికి స్విచ్చుల వెనక స్క్రూలు పచ్చబడి తుప్పు కడతాయి. హార్బరు నుంచి వచ్చే బొగ్గు ధూళి డాబాల మీదే కాదు, బోర్డుల్లోకీ చేరుతుంది. ఆ ధూళికి ఉప్పు, తేమ కలిస్తే కరెంటు మెల్లగా పాకడానికి దారి దొరికినట్టే. ఎండాకాలం ఊరుకుని, తొలి వానకి పడిపోతుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్న ఇళ్ళలో గీజరు ఎలిమెంటు పైతొడుగు తొందరగా చిల్లుపడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గాలితో పాటు నీళ్ళు గోడల్లోకి, బోర్డుల్లోకి దూరాయి. రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన రోజున సంతోషంతో అందరూ మెయిన్ వేశారు, తడి బోర్డుల మీదే. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో చాలాచోట్ల కరెంటు లైన్లు భూమి లోపలికి వెళ్ళాయి. మంచి పనే. కానీ వీధిలో కేబులు ఎంత కొత్తదైనా మీటరు దాటాక ఉన్నది మన పాత వైరే.

పడిపోతుంటే లోపం పట్టుకోవడం అంత కష్టం కాదు. ప్లగ్గులన్నీ పీకండి. ఎంసీబీలన్నీ దించి ఆర్సీసీబీ లేపండి. ఒక్కో ఎంసీబీ లేపుతూ రండి. ఫలానాది లేపగానే పడితే తప్పు ఆ లైనులో ఉంది. అన్నీ లేపినా నిలబడితే ఒక్కో ప్లగ్గూ పెట్టండి. గీజరు, పాత ఐరన్ బాక్సు, తడిలో ఉండే వాషింగ్ మెషీను, ఎక్కువసార్లు దొంగ వీళ్ళలోనే దొరుకుతాడు. ఫ్యాను వేసినా పడుతోంది, టీవీ వేసినా పడుతోంది, ఏది వేసినా పడుతోందంటే మాత్రం న్యూట్రలు ఎక్కడో ఎర్త్‌కు తగిలిందని గాని, పక్క వాటాతో కలిసిందని గాని అనుమానించాలి. ఎంసీబీ దించినా ఫేజు ఒక్కటే తెగుతుంది, న్యూట్రలు అలాగే ఉంటుంది, కాబట్టి అలాంటి తప్పు ఈ పద్ధతిలో దొరకదు. మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్ కొలుస్తాడు. మెగ్గర్ లేకుండా "డబ్బా పోయిందండీ" అన్నవాడి మాట నమ్మకండి.

కొత్త అపార్టుమెంట్ల వాళ్ళు మాకవన్నీ ఉన్నాయంటారు. ఒకసారి బోర్డు మూత తీసి చూడండి. మొదట్లో వెడల్పాటి మీట ఒకటి ఉంటుంది. దాని మీద "టి" అని రాసిన చిన్న బటన్, 30 మిల్లీ ఆంపియర్ల గుర్తు ఉంటే అది ఆర్సీసీబీ. బటన్ లేకపోతే అది వట్టి ఐసోలేటరు, మెయిన్ స్విచ్చు. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. బిల్డరు ఏది మిగుల్చుకున్నాడో అప్పుడు తెలుస్తుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు చూడండి. ఇన్వర్టర్ ఏసీ, కొత్త రకం వాషింగ్ మెషీను ఉంటే "ఎ" టైపు అడగండి. చవకగా దొరికే "ఏసీ" టైపు వాటి నుంచి వచ్చే లీకేజీని గుర్తించకపోవచ్చు. బ్యాటరీ ఇన్వర్టరు ఉంటే ఇంకో మాట: మెయిన్ కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ముందున్న ఆర్సీసీబీ ఆ లైనును ఆపలేదు. ఇన్వర్టరు తర్వాత వేరే ఆర్సీసీబీ కావాలి, దాని న్యూట్రలు కూడా విడిగా ఉండాలి.

2021లో దేశంలో కరెంటు షాకుతో పన్నెండు వేలమందికి పైగా పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పొలాల్లో తెగిపడ్డ తీగలూ అందులో ఉన్నాయి, ఇళ్ళల్లో గీజర్లూ ఉన్నాయి. ఇంటి కనెక్షన్లకు 30 మిల్లీ ఆంపియర్లు మించని లీకేజీ రక్షణ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతాయి గానీ, చిన్న లోడు కనెక్షన్లకు మినహాయింపు ఉంది. నా దృష్టిలో అది తిరగబడ్డ న్యాయం. ఎర్త్ సరిగా లేనిదీ, వైరు పాతదీ, నేల తడిగా ఉండేదీ ఆ చిన్న ఇళ్ళలోనే. మార్గశిర మాసం గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టూ, వినాయక చవితికి ప్రతి సందులోనూ వేసే తాత్కాలిక లైట్ల వైర్లకైతే ఈ రక్షణ ఇంకా ముఖ్యం. ఇనుప పందిరి, వాన, చెప్పుల్లేని కాళ్ళు. కమిటీ కుర్రాళ్ళూ, డీజే అద్దెలో ఇది ఏ మూలకీ రాదు, ముందు దీన్ని పెట్టించండి.

ఆఖరుగా ఆ "టి" బటన్. అది నొక్కితే లోపల కొంచెం కరెంటును రింగు తప్పించి పంపి, కావాలనే లెక్క తేడా చేస్తుంది. పరికరం బాగుంటే టక్కున పడుతుంది. మా ఉప్పుగాలికి లోపలి గొళ్ళెం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి నెలకోసారి నొక్కాల్సిందే. నెల మొదటి తారీఖు పెట్టుకోండి, కంప్యూటరు, టీవీ ఆపేసి నొక్కండి. పడితే మళ్ళీ లేపండి. పడకపోతే మరమ్మతులు చేయించకండి, ఆ రోజే కొత్తది వేయించండి.